అండమాన్ తీరాన ఇసుక లెక్క

విశాఖపట్నం రేవులో ఓడ ఎక్కి ఆగ్నేయ దిశగా సుమారు 1,200 కిలోమీటర్లు ప్రయాణిస్తే, మూడవ రోజున దిగంతాన ఒక ఆకుపచ్చని గీత కానవస్తుంది. ఓడ దగ్గరవుతున్నకొద్దీ ఆ గీత కొండగా, కొండ అడవిగా, అడవి అంచు తెల్లని ఇసుక తీరంగా విడివడుతుంది. అండమాన్ దీవులను మొదటిసారి చూచే ప్రయాణికునికి కన్నుల పండువ చేసేది ఆ తెల్లని అంచే. నీలి సముద్రానికీ పచ్చని అడవికీ నడుమ ప్రకృతి దిద్దిన సన్నని జరీ అంచు అది.

దీవుల రాజధానికి 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురం అని పేరు. పోర్ట్ బ్లెయిర్ అన్న పాత పేరు ఇంకా జనం నోట నానుతూనే ఉన్నది. ఓడ దిగి బజారులోకి నడిచే తెలుగువానికి పరాయి దేశానికి వచ్చామన్న భావన కలుగదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి ప్రజలలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. జంగ్లీఘాట్ ప్రాంతంలో చేపల బేరం శ్రీకాకుళం, విశాఖ జిల్లాల యాసలో సాగడం సర్వసాధారణం.

ఈ పట్టణంలో యాత్రికుడు చూడవలసినవాటి జాబితా అందరికీ తెలిసినదే. అది సెల్యులార్ జైలుతో మొదలై రాస్ దీవితో ముగుస్తుంది. ఆ జాబితాలో చేరని కథ ఒకటున్నది. అది అతని కాలికింద నలిగే ఇసుక కథ. ఆ ఇసుక ఎక్కడి నుండి వచ్చింది, ఎక్కడికి పోయింది, దానిని ఆపడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం ఎందుకు కలుగజేసుకోవలసి వచ్చింది అన్న ప్రశ్నలకు సమాధానం వెదికితే, నేలను తవ్వి బ్రతికే నాగరికతకు సంబంధించిన ఒక పెద్ద సత్యం బయటపడుతుంది.

నది లేని చోట ఇసుక

మన ప్రాంతాలలో ఇసుక అనగానే నది గుర్తుకు వస్తుంది. గోదావరి, కృష్ణ, పెన్న, వంశధార నదులు ఏటా వరదలతో కొండల పొడిని మోసుకు వచ్చి రేవులలో మేట వేస్తాయి. తీసిన ఇసుకలో కొంతైనా మరుసటి వరదకు తిరిగి వస్తుందన్న నమ్మకం మనకున్నది.

అండమాన్ దీవులకు గోదావరి వంటి నది లేదు. ఉత్తర అండమాన్‌లో 732 మీటర్ల ఎత్తు గల శాడిల్ శిఖరం వైపు నుండి పారే కల్పాంగ్ ఒక్కటే అక్కడ చెప్పుకోదగిన ఏరు. నికోబార్ సమూహంలో గ్రేట్ నికోబార్ దీవిలో గలాథియా, అలెగ్జాండ్రా వంటి చిన్న నదులున్నవి. మిగిలినవన్నీ వానాకాలపు వాగులు. ఏటా మూడు మీటర్ల వరకు వర్షం కురిసినా, దానిని నదిగా పోగుచేసేంత భూమి ఈ సన్నని దీవులకు లేదు.

మరి ఇంత ఇసుక ఎక్కడిది? దానిలో అధికభాగం సముద్రం లోపలే తయారైనది. తీరం చుట్టూ ఉన్న పగడపు దిబ్బలు అలల తాకిడికి అరిగి పొడి అవుతాయి. గవ్వలు, నత్తలు, సున్నపు చిప్ప గల సూక్ష్మజీవులు చచ్చి ఆ పొడిలో కలుస్తాయి. చిలుక చేప అనే రంగురంగుల చేప పగడాన్ని కొరికి, అందులోని నాచును జీర్ణించుకొని, మిగిలిన సున్నపు పొడిని విసర్జిస్తుంది. పెద్ద చేప ఒకటి సంవత్సరంలో ఇట్లు కొన్ని వందల కిలోల ఇసుకను తయారుచేయగలదు. యాత్రికులు మురిసిపోయే తెల్లని తీరాలు చాలావరకు ఇట్లా వేల సంవత్సరాలుగా ప్రాణుల శ్రమతో పోగైన నిధులే.

ఈ నిధికి జమాఖర్చుల లెక్క ఉన్నది. నైరుతి ఋతుపవనాల కాలంలో పెద్ద అలలు తీరం మీది ఇసుకను లోపలికి లాగి నీటి అడుగున దిబ్బగా పేర్చుతాయి. సముద్రం శాంతించిన నెలలలో చిన్న అలలు ఆ ఇసుకనే తిరిగి ఒడ్డుకు చేర్చుతాయి. సముద్రం ఏటా అప్పు తీసుకొని ఏటా తీర్చే ఋణగ్రస్తుని వంటిది. ఈ ఇచ్చిపుచ్చుకోళ్ళ నడుమ మూడవ వాడు ప్రవేశించి, ఇసుకను లారీకి ఎత్తి గోడలో కలిపివేస్తే, ఆ మేరకు సముద్రం తీర్చవలసిన బాకీ తీరకుండా పోతుంది. తరువాతి వర్షాకాలంలో అలలు ఇసుక కోసం మరింత లోపలికి వస్తాయి. ముందు కొబ్బరిచెట్ల వేళ్ళు బయటపడతాయి, ఆపైన చెట్లు కూలుతాయి, ఒడ్డు వెనుకనున్న బావులలోకీ పొలాలలోకీ ఉప్పునీరు చేరే ప్రమాదం ఏర్పడుతుంది.

కొయ్య ఇండ్ల నుండి కాంక్రీటు వరకు

1858 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం రెండు వందల మంది ఖైదీలతో ఇక్కడ శిక్షా స్థావరాన్ని నెలకొల్పింది. అడవిని నరికి, రాయి తొలిచి, ఇటుక కాల్చి ఆ ఖైదీలే పట్టణాన్ని కట్టారు. 1883లో అటవీ శాఖ వచ్చింది, అదే కాలంలో చాతం దీవిలో కోతమిల్లు వెలిసింది. 1896లో మొదలై 1906 నాటికి పూర్తయిన సెల్యులార్ జైలులో 693 గదులుండేవి. అది తాపీపని. కాని సామాన్యుల ఇండ్లు చాలాకాలం కొయ్యతోనే సాగినవి. గర్జన్, పడాక్ వంటి చెట్ల పలకలతో గోడలు, పైన రేకులు వేసేవారు. నికోబార్ వాసుల గుండ్రని గుడిసెలైతే గుంజల మీద నిలిచి, వెదురూ ఆకులతో అల్లబడి, భూకంపానికి ఊగి నిలదొక్కుకొనేవి. ఏ ఇంటికీ ఇసుక అక్కరలేదు.

స్వాతంత్ర్యానంతరం పరిస్థితి మారింది. 1949 నుండి తూర్పు బెంగాలు శరణార్థి కుటుంబాలను ఇక్కడ స్థిరపరచడం ప్రారంభమయినది. ఆపైన ఆంధ్ర, తమిళనాడు, కేరళ, ఛోటానాగపూర్ ప్రాంతాల నుండి ప్రజలు వచ్చారు. 1951లో దీవుల జనాభా 30,971. 2011 నాటికి అది 3,80,581. అరవై ఏళ్ళలో పన్నెండింతలు! ఇంతమందికి ఇండ్లు, బడులు, ఆసుపత్రులు, జెట్టీలు, రహదారులు కావలసి వచ్చినవి. కొయ్య చెదలు పడుతుంది, నిప్పుకు భయపడుతుంది. కాంక్రీటు శాశ్వతమన్న నమ్మకం దేశమంతటా వ్యాపించిన కాలమది.

కాంక్రీటుకు సిమెంటు, ఉక్కు ఓడలో వచ్చినవి. ఇసుక కోసం ఓడ ఎందుకు? కళ్ళ ఎదుటే కుప్పలుగా ఉన్నది గదా! ఇట్లా ఊరి దగ్గరి తీరాలకు లారీలు వెళ్ళసాగినవి. వెళ్ళినవారిలో దురాశాపరులు తక్కువ. ఎక్కువమంది పిల్లలకు ఒక గట్టి గది కట్టుకోవాలనుకొన్న తండ్రులూ, మంజూరైన బడి భవనాన్ని మార్చిలోగా ముగించవలసిన గుత్తేదారులూ. ఒక్కొక్కరికి కావలసినది నాలుగైదు లారీలే. కాని కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న మన సామెత సముద్రతీరానికి కూడా వర్తిస్తుంది.

తాబేలు అడిగే జాగా

ఈ ఇసుకకు మనుష్యుల కంటె పాత హక్కుదారు ఒకరున్నారు. భారతదేశపు తీరాలలో గుడ్లు పెట్టే నాలుగు జాతుల సముద్రపు తాబేళ్ళూ అండమాన్, నికోబార్ తీరాలకు వస్తాయి. మధ్య అండమాన్‌లో రంగత్ సమీపాన గల కత్‌బర్ట్ అఖాతం ఆలివ్ రిడ్లే తాబేళ్ళకు ప్రసిద్ధం. గ్రేట్ నికోబార్‌లోని గలాథియా అఖాతమూ, లిటిల్ అండమాన్ తీరాలూ తాబేళ్ళన్నిటిలోకీ పెద్దదైన లెదర్‌బ్యాక్ తాబేలుకు పుట్టిళ్ళు.

లెదర్‌బ్యాక్ తల్లి కొన్ని వందల కిలోల బరువుంటుంది. రాత్రివేళ అలల మీద నుండి ఒడ్డుకు ఈడ్చుకొని వచ్చి, వెనుక కాళ్ళతో లోతైన గుంట తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తెల్లవారక ముందే వెళ్ళిపోతుంది. శాస్త్రజ్ఞులు లిటిల్ అండమాన్‌లో కొన్ని తాబేళ్ళకు ఉపగ్రహ పరికరాలు అమర్చి చూడగా, కొన్ని పశ్చిమ ఆస్ట్రేలియా దిక్కుకూ, మరికొన్ని హిందూ మహాసముద్రాన్ని దాటి ఆఫ్రికా దిక్కుకూ వెళ్ళినట్లు తేలింది. అంత దూరం తిరిగిన ప్రాణి గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన ప్రాంతానికే వస్తుంది. వచ్చేసరికి అక్కడ లోతైన మెత్తని ఇసుక ఉండాలి. ఇసుక పలుచబడి రాయి తగిలితే గుంట దిగదు. అలల కందే పల్లమైతే గుడ్లు కుళ్ళిపోతాయి. తీరం మీద లారీ తీసిన గుంట తాబేలుకు తలుపు మూసిన ఇల్లు వంటిది.

తవ్వినవాడే పూడ్చాలి

నేలను తవ్వే పనికి నియమాలు ఎక్కడ పుట్టాయో తెలుసుకోవాలంటే ఒకసారి దీవులను విడిచి బొగ్గు గనుల వైపు చూడవలసి ఉంటుంది. తవ్వకం మీద మానవజాతి వ్రాసుకొన్న నీతిశాస్త్రంలో చాలాభాగం బొగ్గు నుండే వచ్చింది.

మనకు సమీపంలోని ఉదాహరణ సింగరేణి. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలయింది. భూగర్భ గనిలో బొగ్గు తీసిన చోట ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని అట్లే వదిలితే పైకప్పు కూలుతుంది, మిగిలిన బొగ్గుకు నిప్పు అంటుకొంటుంది. అందుచేత ఖాళీలో ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా నింపుతారు. కార్మికుల భాషలో అది స్టోయింగ్. ఇట్టి పూడిక కోసం 1939లోనే మన దేశంలో ఒక చట్టం చేసి, బొగ్గు మీద సుంకం విధించి, ఆ సొమ్మును గనులలో పూడిక పనికి కేటాయించారు. గోదావరి ఇసుక సింగరేణి గనులలోకి దిగిన రహస్యమిదే.

1970ల నుండి రామగుండం ప్రాంతంలో ఓపెన్‌కాస్ట్ పద్ధతి వచ్చింది. బొగ్గు మీది నేలనంతటినీ తొలగించి, ఆకాశం క్రిందనే తవ్వే పద్ధతి ఇది. ఉత్పత్తి పెరిగింది, కార్మికునికి ప్రాణాపాయం తగ్గింది. కాని పొలం పోయింది, ఊరు కదిలింది, తీసిన మట్టి కొండలై నిలిచింది.

అమెరికాలో అపలేచియన్ పర్వత ప్రాంతం ఇదే అనుభవాన్ని అంతకు ముందే చవిచూచింది. కొండల తలలు కోసి బొగ్గు తీసిన కంపెనీలు గుంటలను వదలి వెళ్ళిపోయినవి. అధ్యక్షుడు ఫోర్డ్ రెండుసార్లు తిరస్కరించిన బిల్లు చివరకు 1977 ఆగస్టు 3న అధ్యక్షుడు కార్టర్ సంతకంతో చట్టమయింది. ఆ చట్టం సారం మూడు మాటలలో చెప్పవచ్చును. తవ్వేముందే హామీ సొమ్ము కట్టాలి. తవ్విన తరువాత నేలను దాదాపు పూర్వపు రూపానికి తేవాలి. వెనుకటివారు వదలిపోయిన గుంటలను బాగుచేయడానికి ఇప్పుడు తవ్వేవారు టన్నుకు ఇంతని చెల్లించాలి.

మన దేశంలో 2009లో బొగ్గు మంత్రిత్వ శాఖ గని మూసివేత మార్గదర్శకాలను వెలువరించింది. గని ప్రారంభంలోనే మూసివేత ప్రణాళిక ఇవ్వాలి, ఏటా కొంత సొమ్మును వేరు ఖాతాలో జమచేయాలి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు మరొక మెట్టు ఎక్కి, తవ్వకం ముగిసిన నేల మీద పశువులు మేయడానికి వీలుగా గడ్డి పెంచాలన్న షరతును గని లీజులలో చేర్చమని ఆదేశించింది.

ఈ చట్టాలన్నిటి వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే. తవ్వినది పూడ్చవచ్చు. పూడ్చినచోట గడ్డి మొలిపించవచ్చు. ఇది పూర్తిగా నిజం కాకపోయినా, నేల విశాలమైన చోట కొంతవరకు ఆచరణ సాధ్యమే. ఒక గుంటను పూడ్చడానికి మట్టి మరొక చోటి నుండి వస్తుంది. గని పూడికకు నది ఇసుకను వాడితే నదిలో గుంట పడుతుందని గ్రహించి, ఇటీవలి కాలంలో సింగరేణిలో బొగ్గు మీది నుండి తొలగించిన మట్టి నుండే ఇసుకను వేరుచేసే ప్లాంటులు కూడా పెట్టారు.

దీవిలో ఈ నమ్మకం పనిచేయదు. తీరం నుండి తీసిన ఇసుక స్థానంలో పోయడానికి దీవి వద్ద వేరే ఇసుక లేదు. పగడం ఇసుకను తయారుచేసే వేగం మనిషి ఆజ్ఞకు లోబడినది కాదు. హామీ సొమ్ము ఎంత కట్టించుకొన్నా చిలుక చేప త్వరపడదు. కనుక ఇక్కడ చట్టం ఎట్లా పూడ్చాలన్న ప్రశ్నను విడిచి, ఎంత తక్కువ తీయాలన్న ప్రశ్నను పట్టుకోవలసి వచ్చింది.

నూటికి ముప్పది మూడు

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద 1991 ఫిబ్రవరిలో తీరప్రాంత నియంత్రణ ప్రకటన వెలువడింది. అండమాన్, నికోబార్ దీవులకు అందులో ప్రత్యేక తరగతి ఏర్పరచి, తీరపు ఇసుకనూ పగడాన్నీ నిర్మాణానికి వాడరాదని నిర్దేశించారు. నియమం కాగితం మీద స్పష్టంగా ఉన్నది. కాని దీవులలో కట్టడాలు ఆగలేదు, ఇసుకకు ప్రత్యామ్నాయమూ సిద్ధంగా లేదు. అందువల్ల తరువాతి సంవత్సరాలలో గడువులతో కూడిన సడలింపులు వచ్చినవి.

ఇంతలో అడవుల నరికివేత మీద పోర్ట్ బ్లెయిర్‌లోని పర్యావరణ సంఘం ‘సేన్’, పూనాకు చెందిన కల్పవృక్ష, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం న్యాయస్థానాన్ని ఆశ్రయించినవి. దేశంలోని అడవుల కేసుగా పేరొందిన గోదావర్మన్ వ్యాజ్యంలో భాగంగా సుప్రీంకోర్టు 2001 అక్టోబరులో దీవులలో చెట్ల నరికివేతను నిలిపివేసి, నవంబరులో ప్రొఫెసర్ శేఖర్ సింగ్‌ను విచారణ కమిషనరుగా నియమించింది. ఆయన దీవులు తిరిగి 2002 ఫిబ్రవరిలో నివేదిక సమర్పించారు. మే 7న న్యాయస్థానం తీర్పు వెలువడింది. చెట్లు, కోతమిల్లులు, ఆక్రమణలు, జారవా తెగ ప్రాంతం గుండా పోయే రహదారి, వీటన్నిటితో పాటు ఇసుకకు కూడా ఆ ఉత్తర్వులో స్థానం లభించింది.

ఇసుక తవ్వకాన్ని ఏటా కనీసం నూటికి ఇరవై వంతున, మిగిలిన దాని మీద లెక్కగట్టి తగ్గించుకొంటూ, అయిదేండ్లలోగా అప్పటి స్థాయిలో నూటికి 33 వంతులకు తీసుకురావాలని న్యాయస్థానం ఆదేశించింది. ఈ లెక్క చక్రవడ్డీని తిరగవేసినట్లుంటుంది. మొదట వంద లారీలు అనుకొందాం. మొదటి ఏటికి 80. అందులో అయిదవ వంతు తీసివేస్తే రెండవ ఏటికి 64. మూడవ ఏటికి 51. నాలుగవ ఏటికి 41. అయిదవ ఏటికి దాదాపు 33. ఒక్కసారిగా ఆపితే కూలివాని పొయ్యి ఆరుతుంది, సగం లేచిన గోడ నిలిచిపోతుంది. ఆపకుంటే తీరమే ఉండదు. ఈ రెంటి నడుమ న్యాయస్థానం చూపిన దారి ఈ అంకెల మెట్ల దారి. గుంటను పూడ్చమనే చట్టాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నవి. ఆకలిని క్రమంగా తగ్గించుకోమని ఇంత స్పష్టమైన లెక్కతో చెప్పిన ఉత్తర్వులు అరుదు.

ఈ మెట్లు దిగుతుండగానే నేల కదిలింది. 2004 డిసెంబరు 26న సంభవించిన మహా భూకంపం, దాని వెంట వచ్చిన సునామీ దీవుల రూపురేఖలనే మార్చివేసినవి. ఉత్తర అండమాన్ తీరం మీటరుకు పైగా పైకి లేచి, పగడపు దిబ్బలు గాలికి బయటపడి చచ్చిపోయినవి. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు మీటరు క్రుంగింది. సిప్పీఘాట్ వద్ద వరి పండిన పొలాలు ఉప్పునీటి మడుగులైనవి. దేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, ఒడ్డున నిలిచిన దీపస్తంభం నీటిలో నిలబడింది. ఇల్లు కోల్పోయిన కుటుంబాలకు తొమ్మిది వేలకు పైగా శాశ్వత గృహాలు కట్టవలసి వచ్చింది. ఇసుక వాడకం తగ్గవలసిన సంవత్సరాలలోనే ఇండ్ల అవసరం ఎన్నడూ లేనంతగా పెరగడం ఈ దీవుల దురదృష్టం.

ప్రత్యామ్నాయాలు లేకపోలేదు. కాని ఒక్కొక్క దానికీ ఒక్కొక్క గుంట ఉన్నది. కొండరాయిని క్రషరులో పొడిచేసి రాతి ఇసుక తీయవచ్చు. అప్పుడు గుంట తీరం నుండి కొండకు మారుతుంది. వాన ఎక్కువైన చోట క్వారీ మట్టి వాగులలో కొట్టుకుపోయి పగడాల మీద పేరుకొంటుంది. పగడమే ఇసుకకు తల్లి. ప్రధాన భూభాగం నుండి బార్జీలలో ఇసుక తెప్పించవచ్చు. అప్పుడు గుంట మన నదులలో పడుతుంది, ధర సామాన్యునికి అందదు. మళ్ళీ కొయ్యకు పోదామంటే అడవి ఎదురుగా నిలుస్తుంది. వెదురు, బోలు ఇటుకలు, తేలికపాటి పలకలు వీటన్నిటినీ కొంచెం కొంచెంగా కలుపుకొని, పెద్ద ఇంటికి బదులు సరిపడినంత ఇల్లు కట్టుకోవడమే మిగిలిన మార్గం. నికోబార్ వాసుల గుండ్రని గుడిసె ఈ పాఠాన్ని ఎవరూ చెప్పకుండానే నేర్చుకొన్నది.

చిన్న తవ్వకాల మీద పట్టు దేశమంతటా బిగిసినది 2012లో. అయిదు హెక్టార్లకు లోపు ఇసుక, రాతి లీజులకు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని ఆ ఏడు ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో ఆదేశించింది. అంతకు ముందు ఏడాదే దీవులకు ప్రత్యేకించి తీర పరిరక్షణ ప్రకటన వెలువడి ఉన్నది. బొగ్గు గనితో పోలిస్తే ఇసుక గుంట బహు చిన్నది. కాని చిన్న గుంటలు వందల సంఖ్యలో చేరితే వాటిని చూచే కన్ను ఎక్కడా ఉండదన్న సత్యాన్ని చట్టం ఆలస్యంగానైనా గుర్తించింది.

గలాథియా ఒడ్డున

ఈ కథలో తాజా అధ్యాయం దీవుల దక్షిణపు కొసన నడుస్తున్నది. గ్రేట్ నికోబార్‌లో పెద్ద నౌకాశ్రయం, విమానాశ్రయం, నగరం, విద్యుత్ కేంద్రం నిర్మించే ప్రణాళికకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. నౌకాశ్రయానికి ఎంచుకొన్న చోటు గలాథియా అఖాతమే. తాబేళ్ళ కోసం ఏర్పరచిన అభయారణ్యపు హోదాను 2021 జనవరిలో తొలగించారు. ప్రణాళికకు కావలసిన అటవీ భూమి 130 చదరపు కిలోమీటర్లకు పైబడి ఉన్నది.

ప్రణాళికను సమర్థించేవారి వాదనలో బలమున్నది. మలక్కా జలసంధికి పోయే ప్రపంచ నౌకామార్గం ఈ దీవికి కూతవేటు దూరంలో సాగుతుంది. మన సరకు పరాయి రేవులలో ఓడలు మారుతున్నది. దేశరక్షణ దృష్ట్యా కూడా ఈ కొస కీలకం. వ్యతిరేకించేవారి వాదనలోనూ బలమున్నది. షాంపెన్ తెగకూ నికోబార్ వాసులకూ అది పుట్టిన నేల, సునామీలో ఊళ్ళు కోల్పోయినవారు తిరిగి వెళ్ళదలచిన నేల, భూకంపానికి క్రుంగిన నేల.

మన ప్రస్తుత విషయానికి సంబంధించిన అంశం ఒకటి ఇందులో ఉన్నది. అడవిని తొలగించినందుకు పరిహారంగా మరొక చోట చెట్లు పెంచాలని చట్టం చెపుతుంది. ఇది బొగ్గు గనుల నాటి పూడిక సూత్రానికి మనుమరాలు. దీవిలోనే జాగా చాలదు గనుక ఆ చెట్లకు హర్యానాను ఎంచుకొన్నారు. భూమధ్యరేఖకు సమీపాన ఏడాది పొడవునా వానలో తడిసే అడవికి బదులు, రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన, మెట్టనేలలో మొక్కలు! ఎకరాల లెక్క సరిపోవచ్చు. కాని అక్కడ మొలిచే తుమ్మచెట్టు కొమ్మ మీద నికోబార్ పావురం వాలదు. పూడ్చడం అనే మాట ఇంతదూరం సాగినప్పుడు దాని అర్థమే సడలిపోతుంది.

అయినా గలాథియా ఒడ్డు మరొక పాఠాన్ని కూడా దాచుకొన్నది. 2004లో సునామీ ఆ తీరాన్ని తుడిచిపెట్టింది. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక సముద్రంలో కలిసిపోయింది. ఆ తరువాత ఏ లారీ అక్కడికి ఇసుక తేలేదు, ఏ శాఖా పూడిక పని చేపట్టలేదు. అలలే కొన్ని సంవత్సరాలలో కొత్త తీరాన్ని పేర్చినవి. లెదర్‌బ్యాక్ తల్లులు మళ్ళీ వచ్చి గుంటలు తవ్వినవి. దీవిలో తీరాన్ని పూడ్చగల శక్తి సముద్రానికే ఉన్నది. కాని దానికి రెండు షరతులున్నవి. ఇసుక నీటిలో మిగిలి ఉండాలి, తీరం ఖాళీగా ఉండాలి.

గనుల చట్టాలు నూరేండ్లుగా మనకు నేర్పుతున్నది తవ్వినవాడు పూడ్చాలని. అది మంచి మాటే. ఆ మాటకు సింగరేణిలో, అపలేచియాలో అవసరమున్నది, ఇంకా చాలాకాలం ఉంటుంది. అండమాన్ తీరం ఆ మాటకు ముందు చేర్చవలసిన మరొక మాటను చూపుతున్నది. పూడ్చలేనిదానిని తవ్వే ముందు అది లేకుండా ఇల్లు కట్టడం నేర్చుకోవాలి. వందను ఎనభైగా, ఎనభైని అరవై నాలుగుగా దించుకొంటూ పోయే ఆ లెక్కలో ఒక్కొక్క మెట్టు మీదా ఎవరో ఒకరు తన గోడను కొంచెం తగ్గించుకొన్నాడు. ఆ తగ్గింపు విలువ లారీలలో కనిపించదు. రాత్రివేళ ఒడ్డుకు చేరిన తాబేలు వెనుక కాలు ఇసుకలో ఎంత లోతు దిగుతుందన్న దానిలో కనిపిస్తుంది.